కీబోర్డును కంప్యూటర్‌కు కలపాలంటే ముందు మిడి సంగతి తెలియాలి

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, కీబోర్డు లాప్‌టాప్‌కు పెట్టిన. లైట్ వెలుగుతుంది గని కంప్యూటర్‌ల సౌండ్ వస్తలేదు. కీబోర్డు ఖరాబైందా ఏంది?"

ఏదీ ఖరాబు కాలేదు. అతను పెట్టిన వైరులో పోయేది మిడి, మిడిలో సౌండ్ ఉండదు. ఈ ఒక్క మాట తెలియక మన దగ్గర ఎంతమంది పిల్లలు కీబోర్డు అమ్మేసుకున్నారో, రెండో సౌండ్ కార్డు కొన్నారో నాకు తెలుసు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి ఎక్కడ చూసినా ఇప్పుడు ఇంట్లో ఒక గదిలోనే జానపదాలు, బతుకమ్మ పాటలు, చర్చి పాటలు రికార్డు చేస్తున్నారు, చేతిలో మంచి కీబోర్డు ఉంటుంది, పక్కన లాప్‌టాప్ ఉంటుంది, మధ్యలో ఆ వైరు దగ్గరే ఆగిపోతారు. అందుకే మొదటి నుంచి చివరిదాకా అంతా ఒక్కచోట రాస్తున్నాను.

మిడి అంటే ఏమిటి

స్వరలిపి రాసిన కాగితం తెలుసు కదా. స, రి, గ అని రాసి, ఎక్కడ ఎంతసేపు నిలపాలో గుర్తులు పెడతారు. ఆ కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినపడదు, హార్మోనియం ముందు కూర్చున్నవాళ్ళు దాన్ని చూసి వాయిస్తేనే పాట. మిడి అచ్చంగా ఆ కాగితమే, కాకపోతే మీరు వాయిస్తుండగానే రాసుకుంటూ పోయే కాగితం. ఏ కీ నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ తొక్కారా, పక్కనున్న చక్రం తిప్పారా, ఇవన్నీ అంకెలుగా వైరులో పోతాయి. ఆ అంకెలు చదివి వాయించేది కంప్యూటర్‌లో ఇంకొకటి ఉండాలి.

అంకెలు అన్నాను కాబట్టి ఒక్కసారి దగ్గర నుంచి చూద్దాం. కీబోర్డు మధ్యలో ఉండే సి కీ నొక్కితే వైరులో వెళ్ళేది మూడంటే మూడు అంకెలు: 144, 60, 90. మొదటిది "ఒకటో ఛానెల్‌లో స్వరం మొదలైంది" అని. రెండోది ఏ కీ అన్నది, మధ్య సి ఎప్పుడూ 60, దాని పక్క నల్ల కీ 61, అలా. మూడోది ఎంత గట్టిగా కొట్టారన్నది, దీన్ని వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 దాకా ఉంటుంది. వేలు తీసేయగానే "60 ఆగింది" అని ఇంకో మూడంకెలు వెళ్తాయి. అంతే. మీరు పది సెకన్లు వేలు ఆనించి ఉంచినా ఆ పది సెకన్లూ మామూలుగా ఆ స్వరం గురించి వైరులో ఏమీ పోదు, మొదలైనప్పుడు ఒక కబురు, ఆగినప్పుడు ఒక కబురు. ఒక్కోసారి ఆగిన కబురు దారిలో పోతే స్వరం కూయ్‌మంటూ అలాగే నిలబడిపోతుంది, భయపడొద్దు, సాఫ్ట్‌వేర్‌లో "ఆల్ నోట్స్ ఆఫ్" అనో "ప్యానిక్" అనో ఒక బటన్ ఉంటుంది, అది నొక్కండి.

ఒక వైరులో 16 ఛానెళ్ళు పోతాయి, అంటే పదహారు మంది వాయిద్యగాళ్ళకు వేర్వేరు కాగితాలు ఒకే కవరులో పంపినట్టు. డ్రమ్స్‌కు పదో ఛానెల్ అని 1991లో వచ్చిన జనరల్ మిడి పద్ధతిలో ఖాయం చేశారు. పాత .మిడ్ ఫైలు, అంటే ఈ మిడి అంకెలు దాచిన ఫైలు, ఎక్కడ తెరిచినా పదో ఛానెల్‌లో తాళం వినపడేది అందుకే. అదే పద్ధతిలో 128 వాయిద్యాలకు నంబర్లు ఉన్నాయి, 1 పియానో, 105 సితార్, 112 షెహనాయ్.

ఇదంతా ఎవరో ఒక్క కంపెనీ సొంత సరుకు కాదు. రోలాండ్ స్థాపించిన ఇకుతారో కకెహాషి, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ డేవ్ స్మిత్, ఇంకొన్ని కంపెనీల వాళ్ళు కలిసి ఒకే భాష ఉండాలని కూర్చుని చేశారు. 1983 జనవరిలో అమెరికాలో ఒక సంగీత పరికరాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒక వైరుతో కలిపి చూపించారు. 2013లో ఆ ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. పోటీ కంపెనీలు ఒక మాట మీదికి రావడం వల్లనే నలభై ఏళ్ళ నాటి కీబోర్డు ఇవాళ మీ లాప్‌టాప్‌తో మాట్లాడగలుగుతోంది, నాకు ఇది చాలా గొప్ప సంగతి అనిపిస్తుంది.

వైరు పెట్టడం

కీబోర్డు వెనక్కి తిప్పి చూడండి. మూడు రకాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

ఎక్కువ మందికి ఉండేది చదరంగా, పైన రెండు మూలలు కోసినట్టుండే యూఎస్‌బీ రంధ్రం. "యూఎస్‌బీ టు హోస్ట్" అనో "కంప్యూటర్" అనో రాసి ఉంటుంది. దీనికి ప్రింటర్ వైరు సరిపోతుంది, జిరాక్స్ సెంటర్లకు సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది, ప్రత్యేకంగా మ్యూజిక్ షాపుకు పోయి ఎక్కువ పెట్టి కొనక్కర్లేదు. పక్కనే పెన్‌డ్రైవ్ పెట్టే పలకటి రంధ్రం కూడా ఉండొచ్చు, "టు డివైస్" అని రాసుంటుంది, అది పెన్‌డ్రైవ్‌కే. రెండు వైపులా ఒకే పిన్ను ఉన్న వైరు తెచ్చి దాన్ని లాప్‌టాప్‌కు కలిపితే పని జరగదు సరికదా, రెండింటికీ మంచిది కాదు.

చిన్న కంట్రోలర్లకు, అంటే 25 కీలో 32 కీలో ఉండి సొంత సౌండ్ లేని వాటికి, ఎక్కువగా మైక్రో యూఎస్‌బీ లేదా టైప్-సీ ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త. ఫోన్ చార్జింగ్ వైర్లలో కొన్నింటిలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. లైటు వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం గుర్తుపట్టదు. నేను ఒక ఆదివారం పొద్దంతా దీని మీదే పోగొట్టుకున్నాను. ఒక దుకాణంలో డేటా కేబులేనని చెప్పి ఇచ్చిన వైరు అది, డ్రైవర్లు మూడుసార్లు తీసి వేశాను, విండోస్ కూడా మళ్ళీ ఎక్కించేదాకా వచ్చింది, సాయంత్రం పక్కింటి అబ్బాయి ఫోన్ వైరు పెట్టగానే ఒక్క క్షణంలో పలికింది. అప్పటి నుంచి నా లెక్క ఇదే: ముందు ఆ వైరుతో ఫోన్ నుంచి లాప్‌టాప్‌కు ఒక ఫోటో పంపి చూడండి, ఫోటో పోతేనే ఆ వైరు పనికొస్తుంది.

మూడోది పాత కీబోర్డుల్లో ఉండే గుండ్రటి అయిదు పిన్నుల రంధ్రాలు, "మిడి ఇన్", "మిడి అవుట్" అని. వీటికి యూఎస్‌బీ-మిడి ఇంటర్‌ఫేస్, అంటే ఆ పిన్నులను యూఎస్‌బీకి మార్చే ముక్క, కొనాలి. కీబోర్డు అవుట్ ఇంటర్‌ఫేస్ ఇన్‌లోకి పోవాలి, కీబోర్డు ఇన్‌లోకి ఇంటర్‌ఫేస్ అవుట్ రావాలి, నోటి నుంచి చెవికి అన్నట్టు. చవక వైర్ల మీద "ఇన్" అని రాసింది ఏ వైపు నుంచి రాశారో తెలియదు, కాబట్టి పలకకపోతే రెండూ మార్చి పెట్టి చూడండి, మార్చి పెడితే ఏమీ కాలిపోదు. బాగా చవక వాటిలో వేగంగా వాయిస్తే స్వరాలు జారిపోవడం నేను చూశాను, ఒక మెట్టు పైది కొనుక్కోవడం మంచిది. ఆ అయిదు పిన్నుల వైరు 15 మీటర్లకు మించి లాగొద్దు.

ఫోన్‌తో చేద్దామనుకునే వాళ్ళకు: ఆండ్రాయిడ్ 6 నుంచి మిడి లోపలే ఉంది, ఓటీజీ ముక్క పెట్టి, యూఎస్‌బీ మిడి తీసుకునే మ్యూజిక్ యాప్ తెరిస్తే చాలు. నేర్చుకోవడానికి బాగుంటుంది, రికార్డింగ్‌కు కంప్యూటరే నయం.

మూడు ప్రశ్నలు

ఇప్పుడు అసలు పని. నేను ఎవరికి ఫోన్‌లో చెప్పినా ఈ మూడు ప్రశ్నలే వరుసగా అడుగుతాను. కబురు కంప్యూటర్‌కు చేరిందా? చేరితే, దాన్ని చదివి వాయించే వాయిద్యం లోపల ఉందా? ఉంటే, ఆ సౌండ్ స్పీకర్ దాకా వస్తోందా? ఈ వరుస తప్పి చూస్తే తిరిగిన చోటే తిరుగుతారు.

మొదటిది. ముందు వైరు పెట్టి, తర్వాత కీబోర్డు ఆన్ చేయండి, సాఫ్ట్‌వేర్ అన్నింటికంటే చివర తెరవండి. ఇప్పటి కీబోర్డులకు చాలావాటికి డ్రైవర్ అక్కర్లేదు, కంప్యూటరే గుర్తుపడుతుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో సౌండ్ పరికరాల కింద కొత్త పేరు ఒకటి వస్తుంది, మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ తెరిచి మిడి స్టూడియోలో చూస్తే బొమ్మ కనిపిస్తుంది. పేరు రాకపోతే వైరు మార్చండి, పోర్టు మార్చండి, హబ్ తీసేసి నేరుగా పెట్టండి. అప్పటికీ రాకపోతేనే కంపెనీ సైటులో మీ మోడల్ నంబరు కొట్టి డ్రైవర్ దింపండి. కొన్ని రోలాండ్ కీబోర్డుల్లో సిస్టమ్ మెనూలో యూఎస్‌బీ డ్రైవర్ "జెనెరిక్" లేదా "వెండర్" అని ఎంచుకునేది ఉంటుంది, డ్రైవర్ వేయకుండా నడవాలంటే జెనెరిక్ పెట్టి, కీబోర్డు ఆపి మళ్ళీ ఆన్ చేయాలి. ఆపి ఆన్ చేయకపోతే మారదు, చాలామంది ఇక్కడే మెనూ పనిచేయడం లేదనుకుంటారు.

పేరు కనిపించిన తర్వాత కబురు నిజంగా వస్తోందో కళ్ళతో చూడండి. విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్ అని ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. కీ నొక్కగానే పైన చెప్పిన అంకెలు వరుసగా పడుతుంటాయి. మెల్లగా నొక్కితే వెలాసిటీ 30, గట్టిగా కొడితే 110 కనిపిస్తుంది, పెడల్ తొక్కితే 64 నంబరు కంట్రోలర్ 127 అని, వదిలితే 0 అని వస్తుంది. పెడల్ ఉల్టా పనిచేస్తుంటే, అంటే వదిలినప్పుడు మోగుతుంటే, కీబోర్డు ఆపి, పెడల్ పెట్టి, కాలు ఆనించకుండా ఆన్ చేయండి, చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడే పెడల్ దిశను పట్టుకుంటాయి. చూడటం అయిపోయాక ఆ మానిటర్ ప్రోగ్రాము మూసేయండి. విండోస్‌లో చాలా డ్రైవర్లు ఒకసారి ఒక ప్రోగ్రాముకే పోర్టు ఇస్తాయి, అది తెరిచి ఉంచి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అందులో ఏమీ రాదు.

రెండోది, వాయిద్యం. దేవరకొండ తమ్ముడు ఆగింది ఇక్కడే, కబురు శుభ్రంగా వస్తోంది, వాయించేవాళ్ళు లేరు. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, తెరవగానే పియానో సిద్ధంగా ఉంటుంది. విండోస్‌లో ఎల్ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం, రీపర్ 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు. నేను రీపర్ వాడతాను కాబట్టి దాంతో చెప్తాను. ప్రిఫరెన్సెస్‌లో మిడి పరికరాల పేజీకి పోయి, మీ కీబోర్డు పేరు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌పుట్ ఎనేబుల్ చేయండి. కంట్రోల్-టీ కొడితే కొత్త ట్రాక్ వస్తుంది. దాని మీద ఎర్ర గుండ్రటి బటన్ నొక్కి, ఇన్‌పుట్‌లో మిడి, అన్ని ఇన్‌పుట్‌లు, అన్ని ఛానెళ్ళు ఎంచుకోండి. మానిటరింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇప్పుడు కీ నొక్కితే ట్రాక్ మీద మీటరు కదులుతుంది కానీ సౌండ్ ఉండదు. ఎఫ్ఎక్స్ నొక్కి, రీపర్‌తోనే వచ్చే రియాసింథ్ అనే వాయిద్యం వేయండి. కుయ్ మంటుంది. అది వినడానికి బాగుండదు, కానీ ఆ కుయ్ వచ్చిందంటే దారి అంతా తెరుచుకున్నట్టే, ఇక దాని స్థానంలో మంచి పియానో, వీణ, ఫ్లూట్ ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్ లోపల పెట్టుకునే వాయిద్యాలు, పెట్టుకోవడం మీ ఇష్టం. ఆ తమ్ముడు ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టి ఆ కుయ్ నాకు వినిపించాడు.

మూడోది, సౌండ్ బయటికి రావడం. ఇక్కడ అందరికీ టెన్షన్ తెచ్చేది లేటు. కీ నొక్కాక కాసేపటికి పలుకుతుంది, తాళం నిలబడదు. తప్పు మిడిది కాదు, ఆ మూడంకెలు అయిదు పిన్నుల వైరులో పోవడానికి పట్టేది మిల్లీసెకను లోపే. ఆలస్యం కంప్యూటర్ సౌండ్ తయారుచేసే దగ్గర, బఫర్ అనే సెట్టింగులో, అంటే ఒక్కసారికి ఎంత సౌండ్ పోగేసి పంపాలన్న దాంట్లో, ఉంటుంది. 44,100 శాంపుల్ రేటు దగ్గర బఫర్ 1024 అయితే దాదాపు 23 మిల్లీసెకన్లు, 256 అయితే 6 లోపు, 128 అయితే 3 లోపు. మీకు కొలత తెలియాలంటే, గాలిలో సౌండ్ 10 మిల్లీసెకన్లలో మూడున్నర మీటర్ల దాకా పోతుంది, అంటే గదికి ఆ చివర పెట్టిన స్పీకర్ నుంచి వింటున్నట్టు. అక్కడిదాకా చెయ్యి సర్దుకుంటుంది, 20 దాటితే కష్టం. విండోస్‌లో మామూలు సౌండ్ డ్రైవర్‌తో ఇది తగ్గదు, ఆడియో ఇంటర్‌ఫేస్ (బయట పెట్టుకునే సౌండ్ కార్డు) ఉంటే దానితో వచ్చిన ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే రకం), లేకపోతే ఉచితంగా దొరికే ఏసియో ఫర్ ఆల్ వేసి, బఫర్ 256 పెట్టి మొదలుపెట్టండి. టపటపమని శబ్దాలు వస్తే పైకి, బాగుంటే కిందికి. విండోస్‌తోనే వచ్చే జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్ ఫైళ్ళు వినడానికి తప్ప వాయించడానికి పెట్టుకోవద్దు, బాగా లేటు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అసలే వద్దు.

ఇంకో రెండు తలనొప్పులు. ఒక కీ నొక్కితే రెండు సౌండ్లు, కీబోర్డుది ఒకటి, కంప్యూటర్‌ది ఒకటి వస్తే కీబోర్డు మెనూలో "లోకల్ కంట్రోల్" ఆఫ్ చేయండి, లేదా ఊరికే దాని వాల్యూమ్ తగ్గించండి, మిడికి వాల్యూమ్‌తో సంబంధం లేదు. యూఎస్‌బీతో పాటు కీబోర్డు లైన్ అవుట్ కూడా లాప్‌టాప్‌కో మిక్సర్‌కో పెట్టినప్పుడు బుయ్ మని హమ్ వస్తే, ఒకసారి లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పోయిందంటే అది ఎర్తింగ్ గొడవ. పాత అయిదు పిన్నుల మిడిలో రెండు పరికరాల కరెంటు తగలకుండా మధ్యలో కాంతితో కబురు దాటించే చిన్న ముక్క, ఆప్టో ఐసోలేటర్, పెట్టారు, అందుకే ఆ పద్ధతిలో ఈ బాధ లేదు. యూఎస్‌బీలో అది లేదు. అందరికీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు ఇస్తే చాలావరకు తగ్గుతుంది.

మన పాటకు మిడి ఎందుకు మేలు

రికార్డు చేశాక తెలుస్తుంది దీని విలువ. ఒకటి శ్రుతిలో, అంటే సిలో, వాయించి పెట్టుకున్నారు, పాడే అక్క వచ్చి "నాకు అయిదున్నర కావాలె" అన్నది. ఆడియో అయితే సాగదీసి గొంతు మార్చాలి. మిడిలో అన్ని స్వరాలకూ ఒకే అంకె కలపడమే, సి నుంచి జి షార్ప్‌కు 8 పైకి, లేదా 4 కిందికి. సాయంత్రం గొంతు పట్టేసి అయిదు చాలంటే ఇంకొకటి తీసేయడమే. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, డ్రమ్స్ ట్రాక్‌ను దీంతో కలిపి జరపకూడదు. డ్రమ్స్‌లో అంకె అంటే స్వరం కాదు, వాయిద్యం. స్నేర్ 38, ఒకటి తగ్గిస్తే 37, అది అంచు మీద కొట్టే కట్టె చప్పుడు. హై-హ్యాట్ 42, ఒకటి తగ్గితే టామ్. అన్నీ ఎంచుకుని ఒకేసారి మార్చేస్తే తాళమంతా వేరే మనిషి వాయించినట్టు అయిపోతుంది.

గమకం కోసం పిచ్ బెండ్ చక్రం తిప్పేవాళ్ళకు ఒక మాట. కీబోర్డు పంపేది చక్రం ఎంత తిరిగిందో మాత్రమే, ఎన్ని స్వరాలు జరగాలో వాయిద్యం ప్లగిన్ నిర్ణయిస్తుంది. సాధారణంగా అది అటు రెండు, ఇటు రెండు అర స్వరాలు. కీబోర్డులో పన్నెండు పెట్టుకుని ప్రాక్టీసు చేసి, ప్లగిన్‌లో రెండే ఉంటే మీ చెయ్యి సరిగ్గానే ఉన్నా అపస్వరం వినపడుతుంది. రెండు చోట్లా ఒకే అంకె పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో సి3, సి4 అని పేర్లు కలవకపోయినా కంగారు పడొద్దు, యమహా వాళ్ళు 60ని సి3 అంటారు, రోలాండ్ వాళ్ళు సి4 అంటారు, అంకె ఒకటే. ఇక క్వాంటైజ్, అంటే అన్నింటినీ తాళం గళ్ళలోకి లాగి కూర్చోబెట్టడం, నూరు శాతం ఎప్పుడూ చేయను. బతుకమ్మ ఉయ్యాల పాటలో చప్పట్లు కొద్దిగా ముందూ వెనకా పడితేనే పదిమంది ఆడవాళ్ళు తిరుగుతున్నట్టు ఉంటుంది, సగానికి పెట్టి ఆపేస్తాను.

అన్నింటికంటే నాకు ఇష్టమైన పని, డప్పును కీల మీదికి తేవడం. బయట దొరికే డ్రమ్ కిట్లలో మన డప్పు లేదు, ఉన్నా మన ఊరి చప్పుడు కాదు. డప్పు వాయించే ఒక పెద్దమనిషిని బతిమాలి కూర్చోబెట్టుకోండి, ఆయన శ్రమకు డబ్బులివ్వండి. మంట మీద కాపగానే రికార్డు చేయాలి, చల్లబడే కొద్దీ తోలు వదులై స్వరం దిగిపోతుంది, సగం దెబ్బలు ఒక రోజు సగం ఇంకో రోజు తీస్తే కలవవు. సిర్ర దెబ్బ విడిగా, చిటికెన పుల్ల దెబ్బ విడిగా, రెండూ కలిపి, ఒక్కోటి మెల్లగా, నడిమధ్యగా, గట్టిగా, ప్రతి దెబ్బకూ మధ్యలో మూడు సెకన్లు ఖాళీ వదిలి తీయండి. ముక్కలు కోసి, రీపర్‌లో రియాశాంప్లొమాటిక్ అనే దాంట్లోకి ఒక్కో ముక్క వేసి, మొదటి నోటు చివరి నోటు రెండూ ఒకే అంకె, ఉదాహరణకు 36, అని పెడితే ఆ దెబ్బ ఆ కీకి అతుక్కుంటుంది. మెల్లటి దెబ్బకు వెలాసిటీ 1 నుంచి 50, నడిమిదానికి 51 నుంచి 95, గట్టిదానికి ఆపైన అని హద్దులు పెట్టండి. అప్పుడు వేలి బరువును బట్టి డప్పు పలుకుతుంది.

సేవ్ చేసేటప్పుడు ప్రాజెక్టు ఫైలుతో పాటు .మిడ్ ఫైలు కూడా విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, పాట మొత్తం కొన్ని కిలోబైట్లే ఉంటుంది, రేపు ఈ సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఇంకోదాంట్లో తెరుచుకుంటుంది. కానీ అందులో మీ డప్పు సౌండ్ ఉండదు, 36, 38 అని అంకెలే ఉంటాయి, కాబట్టి ఆ కోసిన ముక్కల ఫోల్డరును పక్కనే కాపీ చేయడం మరిచిపోవద్దు.